కనిపించని వైకల్యం, కనిపించే పరీక్షగది: కృష్ణా డెల్టా ఉన్నత విద్యలో ఒక గుర్తింపు చరిత్ర

వ్యాస సంగ్రహం

కంటికి కనిపించని వైకల్యాలున్న విద్యార్థులను విశ్వవిద్యాలయం ఎప్పుడు, ఏ ద్వారం గుండా గుర్తించిందన్నది ఈ వ్యాస విషయం. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతపు ఉన్నత విద్యను నేపథ్యంగా తీసుకొని జనాభా లెక్కలు, 1995, 2016 చట్టాలు, వైకల్య శాతపు కొలమానాలు, లేఖక సహాయ నిబంధనలు రూపొందిన క్రమాన్ని పరిశీలిస్తుంది. ఈ గుర్తింపు వైద్యశాల నుంచి కాక పరీక్షగది నుంచి వచ్చిందనీ, అందువల్లనే అది ఆ గది గోడల మధ్యనే ఆగిపోయిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అదృశ్య వైకల్యం, రాతపరీక్ష, లేఖకుడు, ధ్రువపత్రం, అభ్యసన వైకల్యం, కృష్ణా డెల్టా.

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ భవనానికి ర్యాంపు కట్టడానికి ఇటుక, సిమెంటు, కొంత నిధి చాలు. కట్టిన తరువాత అది అందరికీ కనిపిస్తుంది; తనిఖీ బృందానికి చూపించవచ్చు. ఒక పుట చదవడానికి తోటివారికంటే రెట్టింపు సమయం పట్టే విద్యార్థికీ, వారాల తరబడి కుంగుబాటుతో మంచం దిగలేని విద్యార్థినికీ, ఫిట్స్ మందుల మత్తులో ఉదయం తరగతికి వచ్చేవారికీ ఏం కట్టాలో అంత సులభంగా తేలదు. వీరు నడుస్తారు, మాట్లాడతారు, హాజరు పలుకుతారు. అందుచేత వీరి ఇబ్బంది అధ్యాపకునికి ఇబ్బందిగా కాక స్వభావ లోపంగా, బద్ధకంగా, అశ్రద్ధగా కనిపిస్తుంది.

నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, మానసిక అనారోగ్యం, ఆటిజం, మూర్ఛ, మల్టిపుల్ స్క్లిరోసిస్ వంటి నాడీ సంబంధ వ్యాధులు, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ వ్యాధులు ఈ కోవలోకి వస్తాయి. వీటి వైద్య లక్షణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వీటిని ఒక విద్యాసంస్థ ఎందుకు ఇంత ఆలస్యంగా చూడగలిగింది, చూసినప్పుడు ఎంతవరకు చూసింది అన్నదే ప్రశ్న.

మాటలోనే ఉన్న అవయవం

ముందుగా మన మాటను పరిశీలించాలి. ‘వికలాంగుడు’ అన్న సమాసంలో అంగం ఉంది. దాని స్థానంలో ఇటీవల ప్రచారంలోకి వచ్చిన ‘దివ్యాంగుడు’లోనూ అంగం ఉంది. విశేషణం మారింది, విశేష్యం మారలేదు. లోపమో దివ్యత్వమో ఒక అవయవానికి అంటిపెట్టుకొని ఉండాలన్న ఊహ ఈ రెండింటిలోనూ సమానం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారంలో వాడుకైన ‘విభిన్న ప్రతిభావంతులు’ అవయవాన్ని వదిలిపెట్టింది గాని, ప్రతిభను షరతుగా పెట్టింది. ఏ విశేష ప్రతిభా లేని సామాన్య విద్యార్థికి వైకల్యం ఉండకూడదా అన్న సందేహం అక్కడ మిగిలిపోతుంది. ఈ కారణాల వల్ల ఈ వ్యాసంలో ‘వైకల్యం’ అన్న మాటనే వాడుతున్నాను.

అవయవం కనిపించనిచోట మన వాడుకభాష వైకల్యాన్ని గుణంగా మార్చుకుంది. చదవలేని పిల్లవాడు మొద్దు, రాయలేనివాడు సోమరి, మాట కలపనివాడు పొగరుబోతు. మనసు చెదిరినవారి విషయంలో ఊరి పేరే తిట్టయింది: హైదరాబాదులో ఎర్రగడ్డ, కోస్తాలో చినవాల్తేరు. కోస్తా జిల్లాల వారికి మానసిక వైద్యశాలగా 19వ శతాబ్దం నుంచి తెలిసిన వాల్తేరే 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ స్థావరమైంది. ఒకే ఊళ్లో ఉన్న ఆ రెండు సంస్థలూ ఒకే మనిషికి ఏకకాలంలో అవసరం కావచ్చునన్న ఆలోచన మాత్రం చాలాకాలం ఎవరికీ రాలేదు.

బందరు, బెజవాడ: రాతపరీక్ష పాతుకున్న నేల

డెల్టాలో ఆధునిక విద్య చరిత్ర బందరుతో మొదలవుతుంది. క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ స్థాపించిన పాఠశాల తరువాత కళాశాల అయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడడంతో మెట్రిక్యులేషన్ పరీక్ష ఈ ప్రాంతపు యువకుల భవిష్యత్తును నిర్ణయించే సాధనమైంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగానే ప్రారంభమైంది. నాలుగేళ్ల తరువాత వాల్తేరుకు తరలింది. 1937లో బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1953లో ఆంధ్ర లయోలా కళాశాల, 1976లో విజయవాడ గుంటూరుల మధ్య నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాయి. యాజమాన్యాలు వేరు, కాలాలు వేరు. అన్నిటి నడుమా మారకుండా నిలిచినది ఒక్కటే: మూసిన గదిలో, గడియారం ముందు, స్వహస్తంతో, నిర్ణీత వ్యవధిలో రాసే పరీక్ష.

ఇది సహజమైన ఏర్పాటు కాదని గుర్తు చేయడానికి బందరే సాక్ష్యం. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. తిరుపతి వేంకట కవులలో ఒకరుగా ఆయనకు కీర్తి తెచ్చిన అవధానం కూడా ఒక పరీక్షే. అందులో పరీక్షితుడు కలం పట్టడు. ఆయన చెబుతాడు, రాసుకునేవారు వేరు. చేతిరాత చక్కగా లేదన్న కారణంతో ఏ అవధానీ ఓడిపోలేదు. వ్యాసుడు చెప్పగా వినాయకుడు రాశాడన్న కథ తెలిసిన జాతికి, చెప్పేవాడూ రాసేవాడూ వేరుగా ఉండడం వింత కాకూడదు. ఇక్కడ పాతదాన్ని ఆకాశానికెత్తడం తగదు. అవధాన సభ స్త్రీలకు, నిమ్న కులాలకు తెరిచి ఉన్నది కాదు. జ్ఞాపకశక్తిపైనే నిలిచిన ఆ పద్ధతి మరో రకం మనిషిని బయటకు నెడుతుంది. చెప్పదలచినది ఇంతే: పరీక్ష రూపం మారితే ‘అశక్తుడు’ ఎవరన్నదీ మారుతుంది. 1910లో బందరులోనే వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రకళనూ చేతిపనులనూ పాఠ్యాంశాలుగా నిలిపినప్పుడు అటువంటి మరో రూపానికి అవకాశం కనిపించింది. అది ప్రధాన ధార కాలేదు.

లెక్కలోకి వచ్చినవారు

రాజ్యం ఎవరిని లెక్కించిందో చూస్తే ఎవరిని చూసిందో తెలుస్తుంది. 1881 జనగణనలో నాలుగు రకాలవారే నమోదయ్యారు: మతిస్థిమితం లేనివారు, మూగ చెవిటివారు, అంధులు, కుష్ఠురోగులు. 1931 వరకు సాగిన ఈ నమోదు తరువాత ఆగిపోయి, 1981లో మరింత కుదించిన మూడు వర్గాలతో తిరిగి వచ్చి, 1991లో మళ్లీ మాయమైంది. 2011లో ఎనిమిది వర్గాల కింద దేశంలో 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం మంది తేలారు. ఆ పట్టికలో అభ్యసన వైకల్యానికి గడి లేదు. ‘ఇతరములు’ అన్న గడి ఉంది.

1995 చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. అందులో మానసిక అనారోగ్యం ఉంది. అయితే ఉద్యోగాల్లో కేటాయించిన 3 శాతాన్ని చూపు, వినికిడి, కదలికలకు ఒక్కొక్క శాతం చొప్పున పంచి ముగించారు. చట్టపు నిర్వచనంలో ఉన్నవాడు చట్టపు ఫలంలో లేడు. చదువు పూర్తయ్యాక ఉద్యోగంలో పనికిరాని ధ్రువపత్రం కోసం, అది తెచ్చిపెట్టే కళంకాన్ని కొనితెచ్చుకునే విద్యార్థి ఎవరు?

2016 డిసెంబరులో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడింటిని ఇరవై ఒకటి చేసింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, నాడీ సంబంధ దీర్ఘవ్యాధులు, రక్త సంబంధ వ్యాధులు పేరు పేరునా ఈ జాబితాలోకి వచ్చాయి. ఉన్నత విద్యలో సీట్ల వాటా 5 శాతానికి పెరిగింది. ‘సముచిత సర్దుబాటు’ నిరాకరించడం వివక్షే అన్న సూత్రం వచ్చింది. ఈ చట్టాన్ని గురించి మన సదస్సుల్లో చాలానే చెప్పుకున్నాం. తక్కువగా చెప్పుకున్నది అందులోని ఒక అంకె గురించి.

నలభై అనే గీత

చట్టంలో రెండు రకాల మనుషులున్నారు: వైకల్యం గల వ్యక్తి, 40 శాతానికి తగ్గని వైకల్యం గల వ్యక్తి. హక్కులు మొదటివారికి, రిజర్వేషన్లు రెండోవారికి. కార్యాలయ ఆచరణలో ఈ భేదం చెరిగిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరాలు మొదలైన నాటి నుంచి పింఛను, బస్సు పాసు, ఉపకారవేతనం అన్నీ శాతంతో ముడిపడడం వల్ల ‘ఎంత శాతం?’ అన్నదే మొదటి ప్రశ్నగా స్థిరపడింది. కాలు పొడవును టేపుతో, చూపును పటంతో కొలవవచ్చు. కుంగుబాటును?

మానసిక అనారోగ్యం వల్ల కలిగే వైకల్యాన్ని అంచనా వేయడానికి 2002 నుంచి ప్రభుత్వం ఆమోదించిన కొలమానం ఒకటుంది. ‘ఐడియాస్’ అని వ్యవహారం. స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ, పని అనే నాలుగు రంగాల్లో ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. దానికి వ్యాధి కాలాన్నిబట్టి మరో 1 నుంచి 4 కలుపుతారు: రెండేళ్ల లోపు అయితే 1, పదేళ్లు దాటితే 4. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు. పందొమ్మిదో ఏట జబ్బుపడిన డిగ్రీ విద్యార్థికి నాలుగు రంగాల్లో కలిపి 5 వచ్చాయనుకుందాం. వ్యాధి వయసు ఏడాది. మొత్తం 6, గీతకు కింద. అదే 5 తెచ్చుకున్న, పన్నెండేళ్లుగా జబ్బుతో ఉన్న వ్యక్తికి మొత్తం 9, గీతకు పైన. ఇద్దరి ఇబ్బందీ ఈనాడు సమానమే. తీవ్రమైన మానసిక వ్యాధులు చాలావరకు ఇరవయ్యో ఏటికి అటూఇటూ, అంటే సరిగ్గా కళాశాల వయసులో తలెత్తుతాయి. కనుక ఈ కొలమానం విద్యార్థి విషయంలో కట్టుబాటుగానే వెనుకబడి ఉంటుంది. ఆదుకుంటే తిరిగి నిలబడే తొలి రెండేళ్లే, పద్దులో అతి తక్కువ విలువ చేసే ఏళ్లు.

అభ్యసన వైకల్యం విషయంలో చిక్కు మరో రకం. 2018 జనవరి మార్గదర్శకాలు నిర్ధారణకు సూచించిన నిమ్హాన్స్ పరీక్షలు పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం తయారైనవి. ఎనిమిదో ఏట పరీక్షించి, పద్నాలుగులో, పద్దెనిమిదిలో మళ్లీ చూసి, పద్దెనిమిదిలో ఇచ్చిన పత్రాన్ని జీవితాంతం చెల్లుబాటు చేస్తారు. గుడివాడ, అవనిగడ్డ, కైకలూరు ప్రాంతాల గ్రామీణ పాఠశాల నుంచి, ఎనిమిదో ఏట ఎవరూ పరీక్షించకుండానే, మొద్దు అన్న పేరుతో నెట్టుకొచ్చి డిగ్రీలో చేరిన విద్యార్థికి ఈ నిచ్చెనలో తొలి మెట్టే లేదు.

వైద్య విద్యలో ఇది మరింత తీవ్రం. రాష్ట్రంలో వైద్య ప్రవేశాలు నిర్వహించే ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. ప్రవేశ అర్హత నిబంధనలు మాత్రం ఢిల్లీ నుంచి వస్తాయి. భారత వైద్య మండలి 2019 మే నెలలో సవరించిన పట్టికలో, అభ్యసన వైకల్యానికి 40 శాతం హద్దు యాదృచ్ఛికమైనదనీ, మరింత ఆధారం అవసరమనీ ఆ పట్టిక అడుగునే ఒప్పుకున్నారు. మానసిక అనారోగ్యం ఎదుట, నిష్పాక్షికంగా కొలిచే పద్ధతి లేదు గనుక రిజర్వేషన్‌ను ప్రస్తుతానికి సిఫారసు చేయడం లేదన్నారు. పార్లమెంటు ఇచ్చిన హక్కును ఒక పట్టికలోని గడి వాయిదా వేసింది. కేవలం శాతం కారణంగా వైద్య విద్యకు అనర్హులని తేల్చరాదనీ, చదవగలరా లేదా అన్నది బోర్డు విడిగా పరిశీలించాలనీ ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేనాటికి 2024 అక్టోబరు అయింది.

జాబితాలో పేరు లేని జబ్బు

మూర్ఛ గురించి విడిగా చెప్పాలి. ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో దానికి సొంత పేరు లేదు. నాడీ సంబంధ దీర్ఘవ్యాధులకు ఉదాహరణలుగా మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్‌సన్స్ ఉన్నాయి. ‘వంటి’ అన్న మాటలో మూర్ఛకు చోటుందని వాదించవచ్చు. కాని ‘వంటి’ని చదివి దరఖాస్తు స్వీకరించే గుమాస్తా అరుదు.

దాచుకోవడానికి చట్టమే ఒకప్పుడు కారణమిచ్చింది. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అనర్హతల సరసన ఉన్న మూర్ఛను 1999 సవరణతో గాని తొలగించలేదు. అంటే ఈనాడు విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారి తల్లుల్లో చాలామంది, మూర్ఛ బయటపడితే పెళ్లి చెల్లకపోవచ్చునన్న కాలంలో పెరిగినవారు. చట్టం మారినా ఇంట్లో చెప్పే జాగ్రత్త మారలేదు. ఆడపిల్ల హాస్టల్ దరఖాస్తులో ఆరోగ్య సమాచారం గడి ఖాళీగా ఉండడానికి ఈ చరిత్ర ఒక కారణం. చెప్పని జబ్బుకు విశ్వవిద్యాలయం సహాయం చేయలేదు. చెబితే ఏం దక్కుతుందో విశ్వవిద్యాలయం చెప్పదు. రాత్రంతా మేలుకొని చదవడం ఫిట్స్‌ను తెచ్చే కారణాల్లో ఒకటని తెలిసి కూడా, వరుస రోజుల్లో పరీక్షలు పెట్టే కాలపట్టికను ఎవరూ ప్రశ్నించరు. తరగతిలో ఫిట్స్ వస్తే తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టే అలవాటు మాత్రం అందరికీ తెలుసు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టరాదని తెలిసినవారు తక్కువ.

లేఖకుని వెంట వచ్చిన హక్కు

కనిపించని వైకల్యానికి తలుపు ఎక్కడ తెరుచుకుందో ఇప్పుడు చూడవచ్చు. పరీక్షలో లేఖకుని సాయం మొదట అంధ విద్యార్థులకు దక్కిన వెసులుబాటు. 2013 ఫిబ్రవరి 26న కేంద్ర సామాజిక న్యాయ శాఖ దీనికి దేశవ్యాప్త రూపమిచ్చింది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయాన్ని నిర్ణయించింది. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలన్నమాట. 2018 ఆగస్టు 29న సవరించిన మార్గదర్శకాలు లేఖకుని అర్హత అభ్యర్థి అర్హతకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్న నియమంతో పాటు, ఈ సదుపాయాలను 40 శాతం దాటినవారికి పరిమితం చేశాయి.

ఈ గీతను ప్రశ్నించినవాడు వికాస్ కుమార్. ఎం.బి.బి.ఎస్. చదివి సివిల్స్ పరీక్షకు దరఖాస్తు చేసిన ఇతనికి రాస్తున్నప్పుడు చేయి బిగుసుకుపోయే నాడీ సంబంధమైన సమస్య ఉంది. మామూలుగా చూస్తే చేతిలో ఏ లోపమూ కనిపించదు. కలం పట్టినప్పుడే వైకల్యం ప్రత్యక్షమవుతుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ లేఖకుణ్ణి నిరాకరించింది. కోర్టు ఆదేశంపై పరీక్షించిన ఎయిమ్స్ వైకల్యాన్ని 6 శాతంగా తేల్చింది. 2021 ఫిబ్రవరి 11న జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు, 40 శాతం రిజర్వేషన్‌కు కొలబద్ద గాని సముచిత సర్దుబాటుకు కాదని స్పష్టం చేసింది. దుర్వినియోగం జరుగుతుందన్న అనుమానం నిజమైన అవసరాన్ని కాదనడానికి చాలదన్నది. మన పరీక్షా విభాగాల్లో ఈనాటికీ వినిపించే మొదటి అభ్యంతరం ఆ అనుమానమే. మూడు నెలల్లో మార్గదర్శకాలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అవి వచ్చినది 2022 ఆగస్టు 10న. ప్రభుత్వ వైద్యుల బృందం రాయడంలో ఇబ్బంది ఉందని ధ్రువీకరిస్తే, శాతంతో నిమిత్తం లేకుండా లేఖకుడు, అదనపు సమయం దక్కుతాయి.

ఈ పరిణామం విలువను తగ్గించి చూడలేం. దాని ఆకారాన్ని మాత్రం గమనించాలి. 6 శాతం వైకల్యం సుప్రీంకోర్టు దాకా వినిపించడానికి కారణం అది పరీక్షగదిలో, రాతబల్ల మీద ప్రత్యక్షం కావడమే. చేయి బిగుసుకోవడాన్ని ఇన్విజిలేటరు చూడగలడు. కుంగుబాటు పరీక్షగదికే రాదు. అది హాజరుపట్టీలో 75 శాతానికి తగ్గిన అంకెగా మాత్రమే కనిపిస్తుంది. లేఖకుని మార్గదర్శకాలు చివరి పరీక్షకు వర్తిస్తాయి. తరగతి, మిడ్ పరీక్ష, ప్రయోగశాల రికార్డు, సెమినార్, పరిశోధన విద్యార్థి ఆరునెలల ప్రగతి నివేదిక, వీటికి సంబంధించిన సర్దుబాటు చట్టంలో ఉన్నా పద్ధతిలో లేదు. గుర్తింపు ఏ ద్వారం గుండా వచ్చిందో ఆ గదిలోనే నిలిచిపోయింది.

ఇంటర్మీడియట్ నుంచి మోసుకొచ్చేది

విజయవాడకు రెసిడెన్షియల్ కోచింగ్ కేంద్రంగా పేరుంది. విశ్వవిద్యాలయానికి వచ్చే విద్యార్థుల్లో అనేకులు ఆ రెండేళ్లనూ దాటి వచ్చినవారే. కార్పొరేట్ కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లో ఆచార్య నీరద రెడ్డి సంఘాన్ని, నవ్యాంధ్ర ప్రభుత్వం 2017లో ఆచార్య చక్రపాణి సంఘాన్ని నియమించాయి. రెండు సంఘాల నడుమ పదహారేళ్ల ఎడం ఉంది. మరణాన్ని లెక్కించే ఈ సంఘాల పరిధిలోకి, బతికి డిగ్రీకి వచ్చినవారు రారు. విశాఖపట్నంలో శిక్షణ పొందుతూ మరణించిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల సలహాదారునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని, సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశం ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే పుట్టింది.

తెలుగు శాఖల ముందున్న పని

2016 చట్టం 17వ సెక్షన్ వైకల్యం గల విద్యార్థులకు అదనపు సమయం, లేఖకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునంటుంది. చివరి మాట మనకు నేరుగా తగులుతుంది. డిగ్రీలో తెలుగు చాలామందికి రెండో భాష. చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థికి సాయం చేయడానికి అందరికంటే ముందు తోచే మార్గం, తెలుగు తరగతి నుంచి పంపించివేయడం.

దీన్ని అంగీకరించే ముందు తెలుగు చదవడంలో ఇబ్బంది ఎలా ఉంటుందో మనకు తెలియాలి. ఆంగ్లంలో ఒకే అక్షరం పలు ధ్వనులు పలకడం వల్ల కలిగే చిక్కు తెలుగులో లేదు. తెలుగు చిక్కు వేరు: గుణింతాలు, ఒత్తులు కలిపి వందలాది రూపాలు, మ-య, ప-వ, ఖ-ఘ వంటి దగ్గరి పోలికలు, హల్లుకు పైన తలకట్టు, కింద ఒత్తు, పక్కన కొమ్ము, వీటన్నిటినీ ఒక్క చూపులో పోగుచేయవలసిన శ్రమ. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం ‘డాలీ’ అనే నిర్ధారణ పరికరాన్ని విడుదల చేసినప్పుడు తొలి విడతలో హిందీ, మరాఠీ, కన్నడం, ఆంగ్లం ఉన్నాయి. కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న చుట్టరికం తెలిసినదే. ఆ అక్షరాలపై జరిగిన పని తెలుగు శాఖలు అందిపుచ్చుకోదగ్గది. ఏ ఒత్తు దగ్గర విద్యార్థి ఆగుతాడో, ఏ సంయుక్తాక్షరం పద్దెనిమిదేళ్ల వయసులోనూ తడబాటు తెస్తుందో తెలుసుకోవడానికి మనవద్ద ముడిసరుకు లేకపోలేదు. డెల్టాలోని ప్రతి కళాశాలలో తెలుగు రెండో భాష మిడ్ పరీక్షల జవాబు పత్రాలు ప్రతి సెమిస్టరూ కట్టలు కట్టి, నిర్ణీత గడువు దాటాక పాత కాగితాల వానికి అమ్ముడవుతున్నాయి.